డేటాషీట్‌లో లేని ఉద్యోగం

ఉద్యోగ ప్రకటనలో ‘సెన్సర్ డెవలప్‌మెంట్ ఇంజినీర్’ అని ఉంటుంది. ఈసీఈ చదివిన కుర్రాడో, ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివిన అమ్మాయో అది చూసి, సర్క్యూట్ గీయడం, బోర్డు చేయించడం, కోడ్ రాయడం ఇదే కదా పని అనుకుని చేరతారు. అవన్నీ ఉంటాయి. కానీ గాలిలో దుమ్మునో, నీళ్లలో ఆక్సిజన్‌నో కొలిచే పెట్టెను తయారు చేయడానికి పట్టే కాలం కన్నా, అది చూపించే అంకెను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చడానికి పట్టే కాలమే ఎక్కువని ఏడాది తిరిగేసరికి తెలిసివస్తుంది. ఈ రంగంలో జీతమైనా పేరైనా పెరిగేది ఆ రెండో పని దగ్గరేనని నా అభిప్రాయం. బోర్డు గీసేవాళ్లు బోలెడంత మంది దొరుకుతారు. ‘ఇది ఫలానా తేమ దాకా సరిగ్గా చెబుతుంది, ఆపైన చెప్పదు, ఇదిగో రుజువు’ అనగలిగేవాళ్లు తక్కువ. కంపెనీలో ఏ బల్ల కావాలో ఎంచుకునే అవకాశం వస్తే, మొహమాటపడకుండా టెస్టింగ్ బల్లే అడగండి.

దుమ్ము సెన్సర్ సంగతి ముందు చూద్దాం. కొత్తగా చేరినవాళ్ల చేతికి సాధారణంగా మొదట వచ్చేది అదే. లోపల చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది. లేజర్ కాంతి అడ్డంగా పడుతుంది. కణాలకు తగిలి చెదిరిన వెలుతురును ఫొటోడయోడ్ పట్టుకుంటుంది. అంటే అది దుమ్మును తూచడం లేదు, చెదిరిన కాంతిని బట్టి బరువును అంచనా కడుతోంది. కాలుష్య నియంత్రణ మండలి స్టేషన్లలో ఉండే బీటా యంత్రం దారి వేరు. అది ఫిల్టర్ టేపు మీద దుమ్మును పట్టి, కార్బన్-14 నుంచి వచ్చే బీటా కిరణాలు ఆ దుమ్ము గుండా వెళ్లేటప్పుడు ఎంత తగ్గాయో చూసి బరువు తేలుస్తుంది. ఈ రెండూ తమంతట తాము ఒకే అంకె చూపిస్తాయని ఆశించకూడదు. ఎందుకు తేడా వస్తోంది, ఎప్పుడు ఎంత వస్తోంది అన్నదే మీకు అప్పగించిన పని.

తేడాకు పెద్ద కారణం తేమ. డిసెంబరు తెల్లవారుజామున గాలిలో తేమ 90 శాతం దాటినప్పుడు, నీటిని పీల్చుకునే గుణమున్న కణాలు ఉబ్బుతాయి. ఉబ్బిన కణం ఎక్కువ కాంతిని చెదరగొడుతుంది. దుమ్ము పెరగకపోయినా సెన్సర్ మాత్రం పెరిగిందంటుంది. బీటా యంత్రంలో గాలి వచ్చే గొట్టానికి హీటర్ ఉంటుంది, తేమను ముందే తగ్గించేస్తుంది. చవక సెన్సర్లలో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. అందుకే సవరణ సూత్రాలు పుట్టాయి. పర్పుల్‌ఎయిర్ అనే చవక దుమ్ము సెన్సర్ల కోసం అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వాడిన ఒక సూత్రం చాలా సులువైనది: సెన్సర్ అంకెను 0.524తో గుణించండి, తేమ శాతాన్ని 0.0862తో గుణించి అందులోంచి తీసేయండి, 5.75 కలపండి. సెన్సర్ 100 మైక్రోగ్రాములు చూపిస్తూ తేమ 80 శాతం ఉంటే, సవరించాక వచ్చేది దాదాపు 51. మన దేశంలో సన్నని దుమ్ముకు, అంటే పీఎం 2.5కు, 24 గంటల సగటు పరిమితి క్యూబిక్ మీటరుకు 60 మైక్రోగ్రాములు. రోజంతటి సగటు అలా వచ్చిందనుకోండి, సవరించక ముందు హద్దు దాటిన రోజు, సవరించాక దాటని రోజు అయిపోతుంది. పత్రికలో వార్త అవ్వాలా వద్దా అన్నది ఆ ఒక్క గుణకం మీద ఆధారపడి ఉంటుందన్నమాట.

ఇక్కడే కొత్తవాళ్లు తొందరపడతారు. ఆ సూత్రాన్ని తెచ్చి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెట్టిన పెట్టెకు అతికించేస్తారు. అది అమెరికాలోని గాలికి, అక్కడి స్టేషన్ల పక్కన పెట్టి రాబట్టిన సూత్రం. మన దగ్గర చెత్త తగలబెట్టిన పొగ, రోడ్డు దుమ్ము, డీజిల్ మసి కలిసే తీరు వేరు. సూత్రం ఎలా ఉండాలో దాన్నుంచి నేర్చుకోండి, గుణకాలు మాత్రం మీవే కట్టుకోండి. అన్నట్టు, ఈ చవక సెన్సర్లు పీఎం 10 అని మరో అంకె కూడా ఇస్తాయి. దాన్ని నమ్మి కట్టడం పనుల దగ్గర పెట్టకండి. పెద్ద కణాలను అవి సరిగ్గా చూడలేవు. ఆ అంకెలో చాలాభాగం చిన్న కణాలను బట్టి ఊహించి చెప్పేదే.

మరి గుణకాలు ఎలా కట్టాలి? మీ సెన్సర్లను తీసుకెళ్లి స్టేషన్‌లోని బీటా యంత్రం లాంటి రిఫరెన్స్ యంత్రం పక్కనే పెట్టి, రెండింటినీ కలిపి నడపాలి. కో-లొకేషన్ అంటారు. చెప్పడానికి ఒక వాక్యం, చేయడానికి నెలలు. ఒక్క పెట్టె పెడితే లాభం లేదు. ఆ పెట్టె మంచిదో, అదృష్టమో తెలియదు. కనీసం మూడు పెట్టండి. అమెరికా పర్యావరణ సంస్థ 2021లో విడుదల చేసిన పరీక్షా పద్ధతిలో కూడా కనీసం మూడు యూనిట్లు, రెండు వేర్వేరు చోట్ల లేదా వేర్వేరు కాలాల్లో ఒక్కొక్కటి 30 రోజుల చొప్పున నడపాలని ఉంది. మన వాతావరణానికి నేనైతే ఒకటి చలికాలంలో, ఇంకొకటి ఎండాకాలం చివరి నుంచి తొలకరి దాకా పెట్టమంటాను. ఎండ, దుమ్ము, ఉక్క, వాన అన్నీ ఆ రెండింట్లో వచ్చేస్తాయి. ఎత్తు సమానంగా ఉండాలి. ఏసీ బయటి యూనిట్ వేడిగాలి తగిలే చోట, జనరేటర్ పొగ వచ్చే చోట, క్యాంటీన్ వంటగది గొట్టం పక్కన పెట్టకూడదు. ఇంట్లో పెట్టిన సెన్సర్‌ను నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న సనత్‌నగర్ స్టేషన్ అంకెలతో పోల్చి గ్రాఫ్ గీసేవాళ్లను చూశాను. విద్యార్థి ప్రాజెక్టుకు అది మంచి అభ్యాసమే. క్యాలిబ్రేషన్ అని మాత్రం అనకూడదు.

డేటా వచ్చాక అందరూ ముందు చూసేది ఆర్-స్క్వేర్. 0.9 వచ్చిందంటే ఆఫీసులో మిఠాయిలు పంచేస్తారు. అది చెప్పేది ఒక్కటే, రెండు గీతలూ కలిసి పైకీ కిందకీ పోతున్నాయని. మీ సెన్సర్ అన్ని వేళలా రెట్టింపు చూపిస్తున్నా ఆర్-స్క్వేర్ 0.95 రావచ్చు. పైగా అది ఆ నెలలో గాలి ఎంత మారిందన్న దాన్ని బట్టి కూడా మారుతుంది. దీపావళి ఉన్న నెలలో పరీక్షిస్తే గొప్పగా వస్తుంది, వానాకాలంలో అంకెలన్నీ 15కూ 30కీ మధ్య తిరిగితే అదే సెన్సర్ చెడ్డదిలా కనిపిస్తుంది. అందుకే వాలు, ఆఫ్‌సెట్, సగటు దోషం, మూడు యూనిట్ల మధ్య తేడా, ఈ నాలుగూ కలిపి చూడాలి. పైన చెప్పిన అమెరికా పద్ధతిలో వాలు 1కి అటూ ఇటూ 0.35 లోపు, ఆఫ్‌సెట్ 5 మైక్రోగ్రాముల లోపు, ఆర్-స్క్వేర్ 0.7 పైన ఉండాలని లక్ష్యాలు పెట్టారు. మీ కంపెనీ రిపోర్టులో ఆర్-స్క్వేర్ ఒక్కటే ఉంటే మిగతావి ఎక్కడని అడగండి.

ఇంకో చిన్న సంగతి. పెట్టె గడియారం ప్రపంచ సమయంలో ఉంటుంది, స్టేషన్ డేటా భారత సమయంలో ఉంటుంది. 5 గంటల 30 నిమిషాలు జరిపి ఉంచిన గ్రాఫులు వారాల తరబడి మీటింగుల్లో చర్చకు వస్తుంటాయి. కొన్ని యంత్రాలు గంట మొదలైన సమయాన్ని రాస్తాయి, కొన్ని గంట ముగిసిన సమయాన్ని. మొదటి రోజే తేల్చుకోండి.

గ్యాస్ సెన్సర్ల దగ్గర కష్టం మరో రకం. నైట్రోజన్ డయాక్సైడ్ కొలిచే ఎలక్ట్రోకెమికల్ సెల్ ఇచ్చే కరెంటు నానో ఆంపియర్లలో ఉంటుంది. అదే సెల్ ఓజోన్‌కు కూడా స్పందిస్తుంది. మధ్యాహ్నం ఎండకు ఓజోన్ పెరిగితే నైట్రోజన్ డయాక్సైడ్ పెరిగిందని పొరబడుతుంది. అందుకే ఓజోన్‌ను ఆపే ఫిల్టర్ ఉన్న సెల్ ఒకటి, లేనిది ఒకటి పక్కపక్కన పెట్టి తీసివేత చేస్తారు. గ్యాస్ అసలు లేకపోయినా వచ్చే సున్నా కరెంటు వేడితోపాటు మారుతుంది, అదీ సూటిగా కాదు. దాన్ని పట్టుకోవడానికే గ్యాస్ తగలని అదనపు ఎలక్ట్రోడ్ కూడా ఇస్తారు. మే నెలలో రామగుండంలో గాలే 45 డిగ్రీలు దాటితే, ఎండలో ఉన్న పెట్టె లోపల ఇంకెంత ఉంటుందో ఊహించండి. చాలా సెల్స్‌కు డేటాషీట్‌లో 40, 50 డిగ్రీల దగ్గర హద్దు గీసి ఉంటుంది. ఆ హద్దును చదివేవాళ్లు తక్కువ. పెట్టెకు తెల్లరంగు, నీడ పళ్లెం, గాలి ఆడే దారి కావాలని డిజైన్ సమీక్షలో పట్టుబట్టడం మీ ఉద్యోగంలో భాగమే. సెల్‌లో ఉండే ఆమ్లద్రావణం పొడి ఎండలకు ఆరిపోతూ ఉంటుంది కూడా. మామూలుగా రెండేళ్ల ఆయుష్షు అనుకున్న సెల్‌కు మన ఎండలు ఎంత మిగులుస్తాయో మీరే కొలిచి రాయాలి. ఎవరూ రాసిపెట్టి ఉండరు.

కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ ఇంకా మాయలాడి. పరారుణ కాంతితో కొలుస్తుంది, మంచి పరికరమే. కానీ చాలావాటిలో తనను తాను సరిదిద్దుకునే అమరిక ఉంటుంది. వారంలో ఎప్పుడో ఒకప్పుడు బయటి గాలి తగులుతుందని నమ్మి, అప్పుడు కనిపించిన కనిష్ఠాన్ని 400 పీపీఎంగా రాసేసుకుంటుంది. బయటి గాలే ఇప్పుడు 420 దాటింది. ఇక రోజంతా మనుషులు ఉండే ఆసుపత్రి వార్డులోనో, నైట్ షిఫ్ట్ నడిచే ఆఫీసులోనో పెడితే ఎన్నడూ 700 కిందకు దిగదు. దాన్నే సెన్సర్ 400 అనుకుంటుంది. వారాలు గడిచేకొద్దీ గది గాలి బ్రహ్మాండంగా ఉందని చెబుతుంది. అలాంటి చోట ఆ అమరికను ఆపేయాలి. చవకగా దొరికే ఎంక్యూ రకం గ్యాస్ సెన్సర్ల గురించి ఎక్కువ చెప్పను. గ్యాస్ లీకైతే మోగే అలారానికి బాగుంటాయి, ఊరి గాలి నాణ్యతను పీపీఎంలలో చెప్పడానికి పనికిరావు.

ల్యాబ్ పరీక్షలకు ఖరీదైన చాంబర్ ఉంటేనే అవుతుందనుకోకండి. తేమ సెన్సర్‌ను సరిచూడటానికి ఒక పాత పద్ధతి ఉంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సోడియం క్లోరైడ్‌ను కొద్ది నీళ్లతో తడిపి ముద్దలా ఉంచితే, లోపలి గాలిలో తేమ 25 డిగ్రీల దగ్గర 75 శాతం వద్ద స్థిరపడుతుంది. మెగ్నీషియం క్లోరైడ్ అయితే 33 శాతం. సెన్సర్‌ను ఉప్పుకు తగలకుండా పైన వేలాడదీసి, గంటల తరబడి వదిలేసి, డబ్బాకు ఎండా ఏసీ గాలీ తగలకుండా చూస్తే చాలు. వంటింటి అయోడైజ్డ్ ఉప్పులో ముద్దకట్టకుండా వేరే పదార్థాలు కలుపుతారు కాబట్టి ల్యాబ్ ఉప్పు వాడటం మేలు. రెండు డబ్బాలు, రెండు బిందువులు, కొన్ని వందల రూపాయలు. అలాగే వానమాపకం. తొట్టి ఒక్కసారి ఒరిగితే 0.2 మిల్లీమీటర్లు అనే పరికరంలో పైగరాటు వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లయితే, ఒరగడానికి సరిగ్గా 4 మిల్లీలీటర్లు కావాలి. తెలిసినంత నీటిని చుక్కలుగా వదిలి ఎన్నిసార్లు ఒరిగిందో లెక్కపెట్టండి. తర్వాత వేగంగా వదిలి మళ్లీ లెక్కపెట్టండి. కుండపోతలో ఎంత తక్కువ చెబుతుందో మీకే కనిపిస్తుంది, తొట్టి ఒరిగే క్షణంలో నీరు జారిపోతుంది గనక. ఇంటర్వ్యూలో ఈ రెండు ప్రయోగాల ఫలితాలు చూపించిన అభ్యర్థిని, ఆర్డుయినోతో పది ప్రాజెక్టులు చేశానన్న అభ్యర్థి కన్నా ముందు తీసుకుంటాను.

ఉత్పత్తి స్థాయికి వచ్చాక ప్రమాణాలు చదవక తప్పదు. చలి, వేడి, తేమ, ఉప్పుగాలి, కుదుపు పరీక్షలకు ఐఈసీ 60068 వరుస. దుమ్మూ నీళ్లూ పోకుండా ఉండటానికి ఐపీ రేటింగ్. విశాఖ, కాకినాడ తీరానికి పంపే పెట్టెకు ఉప్పుగాలి పరీక్ష తప్పించకండి. ఒక చిక్కు గుర్తుంచుకోండి: ఐపీ 67 పెట్టెలోకి నీళ్లు పోవు, గాలీ పోదు. గాలిని కొలవాల్సిన సెన్సర్‌కు నోరు తెరిచే ఉండాలి. బోర్డుకు తుప్పు పట్టకుండా పూసే పూత తేమ సెన్సర్ రంధ్రం మీద పడిందా, అది పోయినట్టే. సిలికాన్ సీలెంట్ ఆవిరి తగిలితే మెటల్ ఆక్సైడ్ గ్యాస్ సెన్సర్లు దెబ్బతింటాయి. మెకానికల్ టీమ్ తెచ్చే జిగురు ఏదో అడిగి తెలుసుకోవాలి. హైదరాబాద్‌లో ఈటీడీసీ లాంటి ప్రభుత్వ పరీక్షా కేంద్రం ఉంది, నమూనాలు చేసుకోవడానికి టీ-వర్క్స్ ఉంది. నిరంతరాయంగా గాలినీ పొగగొట్టాలనూ కొలిచే పరికరాలకు ధ్రువీకరణ ఇచ్చే బాధ్యతను కేంద్రం 2019లో ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీకి అప్పగించింది. క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ చేతికొచ్చినప్పుడు ముద్ర చూసి ఫైల్లో పెట్టేయకండి. ఏ పరిధిలో చేశారు, అనిశ్చితి ఎంత రాశారు, మీరు వాడే పరిధి అందులో ఉందా చూడండి.

సెన్సర్ మంచిదైనా ఎక్కడ పెట్టారన్నది అంతకన్నా ముఖ్యం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఎత్తి చూపిన లోపాల్లో ఒకటి ఈ వృత్తిలో ఉన్నవాళ్లంతా చదవాల్సింది. ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగుభాగంలో మాత్రమే కొలిచేవారు. మధ్యలో, పైన కొలిచే ఏర్పాటు లేదు. కింద చల్లగా ఉంది, పైన స్టైరీన్ తనలో తాను రసాయనిక చర్య జరుపుకుంటూ వేడెక్కిపోయింది. అక్కడి సెన్సర్ అబద్ధం చెప్పలేదు, తాను ఉన్న చోటి సంగతి చెప్పింది. మీరు ఏ ఫ్యాక్టరీకైనా పరికరం ఇస్తున్నప్పుడు, ఎక్కడెక్కడ ఎన్ని పెట్టాలో కొనేవాళ్లకు వదిలేయకండి. గీసి ఇవ్వండి, సంతకం పెట్టించుకోండి.

సెన్సర్ విలువ తెలియాలంటే భీమవరం వెళ్లాలి. వనామీ రొయ్యల చెరువులో రాత్రంతా జీవులు పీల్చుకుంటూనే ఉంటాయి, వెలుతురు లేక నాచు ఆక్సిజన్ ఇవ్వదు, తెల్లవారేముందు నీటిలో ఆక్సిజన్ కనిష్ఠానికి పడిపోతుంది. ఏరియేటర్లు వేయాలా వద్దా అన్న నిర్ణయం ఆ గంటల్లోనే. కరెంటు బిల్లు ఒకవైపు, పంట మొత్తం ఒకవైపు. అక్కడ నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే మీ డీఓ సెన్సర్‌కు శత్రువు ఎలక్ట్రానిక్స్ కాదు, జిగురుపొర. ఎరువూ మేతా కలిసిన వెచ్చటి నీటిలో కొద్ది రోజుల్లోనే మొనకు పాకుడు పడుతుంది. తుడిచే ఏర్పాటు లేని సెన్సర్, ఎంత ఖరీదైనదైనా, అక్కడ పనికిరాదు. ఇంకొకటి, ఉప్పు శాతం అమరిక. లీటరుకు 20 గ్రాముల ఉప్పున్న నీటిని మంచినీరు అనుకుని లెక్కగడితే ఆక్సిజన్ దాదాపు 12 శాతం ఎక్కువ చూపిస్తుంది. రైతుకు ఆ 12 శాతం చిన్నది కాదు. ఫీల్డుకు వెళ్లినప్పుడు చెరువు దగ్గరి కుర్రాడితో కాసేపు కూర్చోండి. ‘తెల్లారగట్ల రొయ్య పైకొచ్చేసిందండి, మీ మీటరు మాత్రం ఐదుందండి’ అంటాడు. ఆ ఒక్క మాటలో ఉన్నంత పరీక్షా సమాచారం వారం రోజుల లాగ్‌లో ఉండదు. రాసుకోండి, తేదీతో సహా.

ఫీల్డు ఉద్యోగమంటే చులకనగా చూసే అలవాటు మన ఆఫీసుల్లో ఉంది. సెన్సర్ గూటిలో కందిరీగలు గూడు కట్టడం, వానమాపకం గరాటులో పిట్ట రెట్ట, సోలార్ పలక మీద పేరుకున్న దుమ్ము, మోడెమ్ సిగ్నల్ పంపిన ప్రతిసారీ బ్యాటరీ వోల్టేజీ పడి రీడింగ్ ఎగరడం, ఇవి కంప్యూటర్ ముందు కూర్చుంటే ఊహకు రావు. కనీసం మొదటి రెండేళ్లు బిగించిన ప్రతి పెట్టె దగ్గరికీ మీరే వెళ్లేలా చూసుకోండి. తర్వాత ఎలాగూ వెళ్లనివ్వరు.

ఇక అసలు ఇబ్బంది. ఏదో ఒక రోజు మేనేజరో, అమ్మకాల వాళ్లో వచ్చి, ‘కస్టమర్ స్టేషన్ అంకెతో పోలుస్తున్నాడు, మనది కాస్త దగ్గరగా వచ్చేలా చేయండి’ అంటారు. ఇందులో రెండు కోరికలు కలిసి ఉంటాయి. కో-లొకేషన్ డేటాతో సవరణ కట్టి, అది ఎక్కడ పనిచేస్తుందో రాసి వాడటం న్యాయమైన పని. సమీప స్టేషన్ అంకెను తెచ్చి కొంత కలిపి చూపించడం, నచ్చని శిఖరాలను నున్నగా చేయడం వేరే పని. రెండో దాన్ని చేయమంటే వాదనకు దిగకుండా తప్పించుకునే దారి ముందే వేసుకోండి: ముడి వోల్టేజీలను ఎప్పుడూ చెరపకుండా విడిగా దాచండి. ప్రతి సవరణ సూత్రానికీ ఒక సంఖ్య, తేదీ ఇవ్వండి. ప్రతి అంకె పక్కన అది ఏ సూత్రంతో వచ్చిందో ఉండాలి. ఇది మొదటి నుంచీ అలవాటైన సంస్థలో, ఎవరో వచ్చి గీతను వంచమంటే వంచిన సంగతి రికార్డులో పడుతుంది. అడిగేవాళ్లే వెనక్కి తగ్గుతారు. ఈ వ్యవస్థ కట్టడానికి జూనియర్‌కు కూడా ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఒక ఫోల్డర్ చాలు.

చదువుల గురించి క్లుప్తంగా. ఈసీఈ, ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లకు ఇందులో దారి తేలిక. అయితే ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లు టెస్టింగ్‌లో ముందుకు పోవడం తరచూ చూస్తుంటాం, అంకె ఎందుకు అలా ఉందన్న ప్రశ్న వాళ్లకు సహజంగా వస్తుంది. పైథాన్‌లో టైమ్ సిరీస్ డేటాను తిప్పగలగాలి, టంకం వేయడం రావాలి, అనిశ్చితి లెక్క కట్టడం రావాలి. మూడోది కాలేజీలో సరిగ్గా చెప్పరు, ఎవరికి వారే నేర్చుకోవాలి. ఉద్యోగాలు స్టార్టప్‌లలోనే ఉంటాయనుకోకండి. కాలుష్య మండలి స్టేషన్లను కాంట్రాక్టు మీద నడిపే కంపెనీలు, వాతావరణ కేంద్రాల పరికరాలు చూసేవాళ్లు, సముద్ర పరిశీలనలు చేసే హైదరాబాద్ ఇన్‌కాయిస్, గచ్చిబౌలిలో నగర సెన్సర్ల మీద పనిచేస్తున్న ట్రిపుల్ ఐటీ లాంటి చోట్ల ప్రాజెక్టు పోస్టులు పడుతుంటాయి. ప్రాజెక్టు పోస్టు తాత్కాలికమే, కానీ రిఫరెన్స్ యంత్రం పక్కన గడిపే అవకాశం అక్కడే ఎక్కువ.

ఇంటర్వ్యూ చివర ‘మీరేమైనా అడుగుతారా’ అన్నప్పుడు జీతం, సెలవుల తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. మీ దగ్గర పోల్చి చూసుకునే పరికరం ఏముంది, దాన్ని చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారు? అమ్మిన పెట్టెల్లో ఏడాది తర్వాత ఎన్నింటిని తిరిగి సరిచూశారు? పరీక్షలో తప్పిన బ్యాచ్‌ను ఆపే అధికారం ఎవరికి ఉంది? మొదటి రెండింటికి తడబడినా ఫర్వాలేదు, ఆ పని మీరు చేరి మొదలుపెట్టవచ్చు. మూడోదానికి అమ్మకాల విభాగం పేరు చెబితే మాత్రం, మరో చోట కూడా దరఖాస్తు పెట్టి ఉంచండి.